ఎదుటి కుర్చీలోని మనిషి

మీతో కలిసి పనిచేసే మనిషి ఒకరుంటారు. దుకాణంలో తమ్ముడో, కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పే ఇంకో లెక్చరరో, ఆఫీసులో ఒకే ప్రాజెక్టు తలకెత్తుకున్న సహోద్యోగో. ఆ మనిషి గురించి ఒక్క ప్రశ్న వేసుకోండి. మీరు పక్కన ఉంటే ఆ మనిషి మాట పదునెక్కుతోందా, మొద్దుబారుతోందా? నలుగురిలో కూర్చున్నప్పుడు మనసులో ఉన్నది ధైర్యంగా చెబుతున్నారా, లేక మీ వైపు ఒకసారి చూసి మాట మింగేస్తున్నారా?

కలిసి పనిచేయడం గురించి మనకు చాలా సలహాలే వినిపిస్తాయి. సర్దుకుపోవాలంటారు, ఓర్పు ఉండాలంటారు, అహం తగ్గించుకోవాలంటారు. మంచివే, కానీ చాలవు. బాగా సర్దుకుపోయే ఇద్దరు ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని, ఒకరివల్ల ఒకరు రవ్వంత కూడా ఎదగకుండానే రిటైరైపోవచ్చు. నేను గట్టిగా నమ్మేదేమిటంటే, జోడీలో మీ మొదటి బాధ్యత అవతలి మనిషి చేత బాగా మాట్లాడించడం. వాళ్ళు చెప్పగలిగిన అతి మంచి మాట మీ ఎదుట, మీ వల్ల బయటికి రావాలి. మీ సొంత మాట దాని తర్వాతే.

ఈ పనిని రోజూ, ఊరంతా వింటుండగా చేసి చూపించాల్సిన వృత్తి ఒకటుంది. అమెరికా నగరాల్లోని స్పోర్ట్స్ టాక్ రేడియో. అక్కడ పెద్ద నగరాల్లో పొద్దస్తమానం ఆటల గురించే మాట్లాడే స్టేషన్లు ఉంటాయి. రాత్రి ఊరి జట్టు ఓడిపోతే తెల్లారేసరికి ఇద్దరు మనుషులు మైకుల ముందు కూర్చుని ఎందుకు ఓడిందో తేల్చడం మొదలుపెడతారు. అలా గంటల తరబడి. రాసిపెట్టుకున్న సంభాషణ ఉండదు, చూపించడానికి బొమ్మ ఉండదు. మధ్యలో శ్రోతలు ఫోన్ చేసి పొగుడుతారు, తిడతారు, వాదనకు దిగుతారు. అద్దానికి అవతల ప్రొడ్యూసరు కూర్చుని ఏ ఫోను లోపలికి పంపాలో చూసుకుంటుంటారు. ఎవరైనా బూతు మాట్లాడితే అది బయటికి పోకుండా ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా పంపే ఏర్పాటు ఉంటుంది, ఆ మాటను కత్తిరించే బటన్ ఉంటుంది. హోస్టుల మధ్య అలకను కత్తిరించే బటన్ మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. ఇద్దరికీ పొసగడం లేదంటే పది నిమిషాల్లో ఊరికి తెలిసిపోతుంది.

అక్కడి ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉంటూ కారులో ఆఫీసుకు వెళ్ళే మన తెలుగువాళ్ళలో కొందరికి ఈ గొంతులు పరిచయమై ఉంటాయి. ఇక్కడ మన ఎఫ్‌ఎం స్టేషన్లు ఎక్కువగా సినిమా పాటల చుట్టూ తిరుగుతాయి కాబట్టి, ఈ తరహా కార్యక్రమం మనకు కొత్త. జోడీలు మాత్రం కొత్త కాదు.

కోరుకోని జోడీ

1987 జులై 1న న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్‌ఏఎన్ అనే స్టేషన్ మొదలైంది. రోజంతా ఆటల మాటలే ఉండే రేడియోకు అదే నాంది. రోజంతా ఆటల గురించి ఎవరు వింటారు, ఇది నిలిచేది కాదు అన్నవాళ్ళు అప్పట్లో చాలామంది. రెండేళ్ళ తర్వాత, 1989 సెప్టెంబరులో, మధ్యాహ్నపు కార్యక్రమానికి ఇద్దరిని జోడీ కట్టారు. ఒకరు మైక్ ఫ్రాన్సెసా, ఇంకొకరు క్రిస్ రూసో. కార్యక్రమం పేరు ‘మైక్ అండ్ ది మ్యాడ్ డాగ్’. ఆ రెండో పేరు రూసోది. మాట్లాడుతూ మాట్లాడుతూ పూనకం వచ్చినట్టు ఊగిపోతాడు కాబట్టి ఆయనకు అంతకుముందే ఆ పేరు పడింది.

ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఫ్రాన్సెసా సీబీఎస్ టీవీ క్రీడా విభాగంలో పరిశోధన పని చేసి వచ్చినవాడు. బరువైన గొంతు, వివరాలన్నీ వేళ్ళ మీద, తాను చెప్పాక ఇక తిరుగులేదన్న ధీమా. రూసో గొంతు కీచుగా లేస్తుంది, పదాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఫ్రాన్సెసా న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు అభిమాని. రూసో పెరిగింది న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లోనే, ప్రాణం పెట్టింది మాత్రం దేశానికి ఆ చివరనున్న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మీద. ఈ జోడీని ఇద్దరిలో ఎవరూ కోరుకోలేదు. ఫ్రాన్సెసాకు తన సొంత కార్యక్రమం కావాలనే ఉండేది. మైకులు ఆగాక మాటలు కూడా లేని రోజులు వాళ్ళ మధ్య నడిచాయి.

అయినా ఆ జోడీ దాదాపు 19 ఏళ్ళు నిలిచింది. 2002 నుంచి అదే కార్యక్రమాన్ని టీవీలో కూడా చూపించారు. ఇద్దరు మనుషులు రేడియో గదిలో కూర్చుని వాదించుకుంటుంటే టీవీ పెట్టుకుని చూసేవాళ్ళున్నారంటే, ఆ వాదనలో ఎంత జీవం ఉండాలి!

ఆ జీవం ఎక్కడిదో ఆలోచిస్తే నాకు తట్టేది ఇది. ఫ్రాన్సెసా ఒక తీర్పు చెబుతాడు. ఒంటరిగా ఉంటే అక్కడితో విషయం అయిపోయేది. ఎదురుగా రూసో ఎగిరిపడేసరికి ఫ్రాన్సెసా తన తీర్పుకు కారణాలు చెప్పక తప్పదు. కారణం చెప్పేకొద్దీ ఆయనకున్న పరిజ్ఞానమంతా బయటికి వస్తుంది. అటు రూసో ఒక్కడే ఉంటే ఆ ఆవేశం ఎటు పోయేదో తెలియదు. ఎదురుగా తొణకని మనిషి ఒకడున్నాడు కాబట్టి, అతన్ని ఒప్పించాలన్న పట్టుదలతో ఆ ఆవేశం ఒక వాదనగా మారుతుంది. ఎవరి స్వభావాన్నీ ఎవరూ మార్చలేదు. ఒకరి స్వభావంలోని మంచిని ఇంకొకరు పైకి లాగారు, అది కూడా పరస్పర ప్రేమ పొంగి పొర్లుతున్న రోజుల్లో కాదు.

ఇది మీకు ఎంతో ధైర్యం ఇవ్వాల్సిన విషయం. మీ జోడీ మనిషి మీకు నచ్చకపోవచ్చు. నచ్చేదాకా ఆగి, ఆ తర్వాత బాగా పనిచేద్దామనుకుంటే జీవితం గడిచిపోతుంది. నచ్చని మనిషిలోంచి కూడా మంచి పనిని రాబట్టవచ్చు, మీలోంచి వాళ్ళు రాబట్టేలా చోటివ్వవచ్చు. ఆ పని జరుగుతుంటే గౌరవం దానంతట అదే వస్తుంది.

సేద్యం తెలిసిన ఇళ్ళలో ఎడమవైపు కట్టే దాపటి ఎద్దు, కుడివైపు కట్టే వలపటి ఎద్దు అని వినే ఉంటారు. దాపట అలవాటైన ఎద్దును తెచ్చి వలపట కడితే, ఎంత బలమున్నా నాగటి చాలు వంకరపోతుంది. చాలా జోడీల్లో గొడవ ఇదే. ఇద్దరూ వలపటికే పోటీపడతారు. ఇద్దరూ చివరి మాట తమదే కావాలంటారు, ఇద్దరూ క్లయింటు ముందు తామే మాట్లాడాలంటారు, వెనక లెక్క చూసేవాళ్ళు, గడియారం చూసేవాళ్ళు ఉండరు. రేడియోలో ఇది కుదరదు. ప్రకటనల విరామం సెకను తప్పకుండా రావాలి, అతిథిని ఫోనులోకి తీసుకోవాలి, ఇప్పుడే కారెక్కిన శ్రోత కోసం ఏ విషయం నడుస్తోందో మళ్ళీ ఓసారి చెప్పాలి. ఈ బండి నడిపే పని ఒకరు తీసుకుంటేనే ఇంకొకరు స్వేచ్ఛగా ఎగరగలరు.

మీ ఇద్దరిలో బండి నడిపేది ఎవరు? దీన్ని నోరు తెరిచి మాట్లాడుకున్నారా? చాలామంది మాట్లాడుకోరు. ఏళ్ళ తరబడి ఒకరే ఆ పని చేస్తూ, గుర్తింపు లేదని లోపల కుములుతుంటారు. ఈ వారమే కూర్చుని తేల్చుకోండి. బండి నడిపేది మీరైతే దాన్ని తక్కువ పనిగా చూడకండి. ఎగిరేది మీరైతే, నడిపేవారి పేరు నలుగురిలో మీ నోటితో చెప్పండి.

విషయం ముందే, అభిప్రాయం అప్పుడే

ఈ రంగంలో ఒక మంచి అలవాటుంది. కార్యక్రమానికి ముందు ఏయే విషయాలు మాట్లాడాలో అనుకుంటారు, ఎవరు ఏమంటారో మాత్రం మాట్లాడుకోరు. స్టూడియోలోకి వెళ్ళే దారిలో ఒకరు రాత్రి మ్యాచ్ గురించి మొదలుపెడితే, ఇంకొకరు ఆపేస్తారు, మైకు ముందు చెప్పమంటారు. ముందే అనేసుకుంటే మైకు ముందు ఆ మాట చప్పబడిపోతుందని వాళ్ళకు తెలుసు. మొదటిసారి విన్నప్పుడు కలిగే ఆశ్చర్యం, కోపం, నవ్వు రెండోసారి రావు.

మన మీటింగులు సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తాయి. ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు, ఏ నిర్ణయం కావాలో మాత్రం ఇద్దరూ కారిడార్‌లోనే తేల్చేసుకుని వస్తారు. లోపల కూర్చున్న మిగతా ఎనిమిదిమందికి అది నాటకంలా కనిపిస్తుంది. వాళ్ళు ఆలోచించడం మానేస్తారు. రేపటి నుంచి ఇలా చేసి చూడండి. జోడీగా మీరు చర్చించాల్సిన ప్రశ్నలను ముందే కాగితం మీద పెట్టుకోండి. జవాబులను గదిలో, అందరి ముందు, నిజంగా వెతకండి. మీ జోడీ మనిషి మీకు తెలియని మాట ఒకటి అంటే కంగారుపడకండి. ‘ఇది నేను ఆలోచించలేదు, ఇంకొంచెం చెప్పండి’ అనండి. ఆ ఒక్క వాక్యం విన్నాక అవతలి మనిషి వెన్ను నిటారుగా అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కృత్రిమంగా విభేదించడం వేరు. ఒకరు అవునంటే ఇంకొకరు కాదనాలని ముందే పంచుకుని అరుచుకునే చర్చలు మన టీవీల్లోనూ చూస్తున్నాం. నాకు అవి వినలేనంత బాధ కలిగిస్తాయి, ఎందుకంటే అక్కడ ఇద్దరిలో ఒక్కరు కూడా అవతలి మాట వినడం లేదు. వినని చోట ఎవరి మాటా మెరుగుపడదు. బోస్టన్‌లో 2009 ఆగస్టు నుంచి ‘98.5 ది స్పోర్ట్స్ హబ్’లో మధ్యాహ్నాలు మాట్లాడుతున్న మైఖేల్ ఫెల్గర్, టోనీ మాసరోటిల జోడీని చూడండి. ఇద్దరూ అంతకుముందు ‘బోస్టన్ హెరాల్డ్’ పత్రికలో విలేకరులు. ఫెల్గర్ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేట్రియాట్స్ గురించి రాసేవాడు, మాసరోటి బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ గురించి రాసేవాడు. ఒకే పత్రిక, ఒకే ఊరు, ఒకే రకం శిక్షణ. బోస్టన్ జట్లు కప్పు మీద కప్పు గెలుస్తున్న రోజుల్లో కూడా ఫెల్గర్ ఊరి జట్లలో లోపాలు వెతికాడు. అభిమానులకు ఒళ్ళు మండేది, అయినా వినేవాళ్ళు. వాళ్ళ విభేదం నిలబడటానికి కారణం, దాని వెనక ఏళ్ళ తరబడి డ్రెస్సింగ్ రూముల చుట్టూ తిరిగి సంపాదించిన పరిజ్ఞానం ఉండటం. కాదనడానికి కూడా అర్హత సంపాదించుకోవాలి. మీ జోడీ మనిషి మాటను కాదనే ముందు, ఆ విషయంలో వాళ్ళు చేసినంత పని మీరు చేశారా అని చూసుకోండి. చేయలేదా? అప్పుడు మీ దగ్గర ఉండాల్సింది ప్రశ్న. మంచి ప్రశ్న కూడా జోడీకి పెద్ద కానుకే.

స్నేహితులకు, పెద్దా చిన్నా జోడీలకు

స్నేహితులుగా మొదలైన జోడీల సంగతి వేరు. డాలస్‌లో ‘ది టికెట్’ అనే స్టేషన్ 1994 జనవరిలో మొదలైంది. పొద్దుటి కార్యక్రమం జార్జ్ డనమ్, క్రెయిగ్ మిల్లర్‌లది. నార్త్ టెక్సస్‌లో కాలేజీ రోజుల నుంచీ స్నేహితులు, ఒకే గదిలో ఉన్నవాళ్ళు. ఆ కార్యక్రమం ముప్ఫై ఏళ్ళ మైలురాయి దాటింది. స్నేహితుల జోడీకి వచ్చే ప్రమాదం తగవు కాదు. ఇద్దరికే అర్థమయ్యే మాటలు, ఇద్దరికే నవ్వు తెప్పించే పాత సంగతులు. మూడోవాళ్ళకు అక్కడ చోటుండదు. డాలస్ జోడీ గోర్డన్ కీత్ అనే మూడో గొంతును పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రముఖుల గొంతులను అనుకరిస్తూ ఆయన వాళ్ళిద్దరి లోకంలోకి బయటి గాలి తెచ్చాడు. స్టేషన్‌ను విడవకుండా వినేవాళ్ళను అక్కడ ‘పీ1’లు అంటారు. రేడియో లెక్కల్లోని ఆ పొడి పదం డాలస్‌లో శ్రోతలు గర్వంగా చెప్పుకునే పేరైంది. తమ మధ్య నడిచే హాస్యంలోకి శ్రోతలను కూడా పిలిచారు కాబట్టే అది సాధ్యమైంది. మీరు ప్రాణస్నేహితుడితో కలిసి వ్యాపారం పెట్టారా? మీ గుమస్తా మీ ఇద్దరి సంభాషణలో ఎన్నిసార్లు నోరు విప్పగలుగుతున్నాడో గమనించండి.

వయసు తేడా మన దగ్గర ఇంకా బరువైన విషయం. షికాగోలో ‘670 ది స్కోర్’ స్టేషన్‌లో టెర్రీ బోయర్స్, డాన్ బర్న్‌స్టీన్ 1999 నుంచి 2017 జనవరి దాకా కలిసి మాట్లాడారు. బోయర్స్ పత్రికల్లో కాలమ్ రాసి వచ్చిన పెద్దమనిషి, బర్న్‌స్టీన్ కంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా మైకు ముందు ఇద్దరి మాటకూ ఒకే బరువు. కార్యక్రమం పేరులో ఇద్దరి ఇంటిపేర్లూ పక్కపక్కనే.

మన పద్ధతిలో పెద్దవారి మాటకు ఎదురు చెప్పకపోవడం మర్యాద. ఆ మర్యాదను నేను తక్కువ చేయడం లేదు. కానీ పనిలో అది ఒక నష్టం తెస్తుంది. పెద్దవారు ముందు నోరు తెరిచి ‘నాకైతే ఇలా అనిపిస్తోంది’ అన్నారంటే చిన్నవారి ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. అందుకని ఈ బాధ్యతను నేను పెద్దవారి మీదే పెడతాను. మీ జోడీలో మీరు పెద్దవారైతే, మీ అభిప్రాయం రెండోది కావాలి. ముందు చిన్నవారిని అడగండి. అడిగి ఆగండి. వాళ్ళు తడబడితే ఆ ఖాళీని మీరు నింపేయకండి. మీరు చిన్నవారైతే ‘సార్, మీరన్నదానికి ఇంకో కోణం ఉందేమో’ అని మొదలుపెట్టండి. గారు, అండీ అంటూనే గట్టిగా కాదనవచ్చు. తెలుగులో మర్యాదకూ ధైర్యానికీ ఒకే వాక్యంలో చోటుంది, వాడుకోండి.

జోడీ కుదురుకోవడానికి కాలం కూడా ఇవ్వాలి. సూజిన్ వాల్డ్‌మన్ కథ నాకు చాలా ఇష్టం. రంగస్థల సంగీత నాటకాల్లో నటించి వచ్చిన ఆమె గొంతే 1987లో డబ్ల్యూఎఫ్‌ఏఎన్ మీద మొదట వినిపించింది. ఆడవాళ్ళకు ఆటల గురించి మాట్లాడే పనేమిటని ఆ రోజుల్లో ఆమెకు వచ్చిన బెదిరింపులు, ద్వేషపు ఉత్తరాలు తక్కువేమీ కావు. 2005లో యాంకీస్ రేడియో వ్యాఖ్యానంలో జాన్ స్టెర్లింగ్ పక్కన కూర్చుంది. 2024 వసంతంలో ఆయన రిటైరయ్యేదాకా ఆ ఇద్దరూ వందల రాత్రులు కలిసి ఆట చెప్పారు. స్టెర్లింగ్ ఒక్కో ఆటగాడి హోమ్ రన్‌కు ఒక్కో పాటలాంటి పిలుపు కట్టే మనిషి, నాటకీయత ఎక్కువ. ఆయన పక్కన ఎవరైనా మసకబారిపోతారనే అనుకుంటాం. వాల్డ్‌మన్ ఆయనతో పోటీపడలేదు. డ్రెస్సింగ్ రూములో ఆటగాళ్ళతో మాట్లాడి తెలుసుకున్న సంగతులు తెచ్చి సరైన క్షణంలో పెట్టేది. ఆయన మెరుపుకు ఆమె సమాచారం నేల అయింది. తన బలం ఏమిటో తెలిసిన మనిషికి పక్కవారి మెరుపు భయం కలిగించదు.

మూడో మనిషి ఫోన్ చేసినప్పుడు

జోడీకి అసలు పరీక్ష ఇక్కడే. స్టూడియోకు ఫోన్ వస్తుంది. శ్రోత మొదలుపెడతాడు. ఇద్దరిలో ఒకరిని ఆకాశానికెత్తి, ఆ పక్క మనిషికి ఆట గురించి ఏమీ తెలియదని, ఆయనతో ఎలా వేగుతున్నారని అంటాడు. పొగడ్త అందుకున్న హోస్టు ముందు రెండు దారులుంటాయి. ‘అవును, నేనూ అదే అంటున్నా’ అని శ్రోతతో చేరిపోవచ్చు. వినడానికి మజాగా ఉంటుంది, ఫోన్లు ఇంకా వస్తాయి. రోజూ ఇదే జరిగితే ఆ పక్క మనిషి కొన్నాళ్ళకు సాహసంగా ఏ మాటా అనడు. అన్నీ గోడమీద పిల్లి మాటలే వస్తాయి. అప్పుడు పొగడ్త అందుకున్నవాడికి వాదించడానికి ఎదురుగా ఎవరూ మిగలరు.

రెండో దారిలో ఆ హోస్టు ఇలా అంటాడు. ‘ఆయన మాట నేను ఒప్పుకోను. కానీ ఆయన అన్నది మీరు సరిగ్గా వినలేదు. ఆయన వాదన ఇది.’ అని జోడీ మనిషి వాదనను ఆయనకంటే బాగా చెబుతాడు. తర్వాత తన అభ్యంతరం చెబుతాడు. నా దృష్టిలో జోడీలో ఉన్న మనిషి నేర్చుకోదగ్గ అత్యుత్తమ నైపుణ్యం ఇదే. దీనికోసం అవతలివాళ్ళ మాట ఎంత శ్రద్ధగా విని ఉండాలో ఆలోచించండి.

మీ ఆఫీసుకు, మీ దుకాణానికి, మీ ఇంటికి ఈ మూడో మనిషి రోజూ ఫోన్ చేస్తూనే ఉంటాడు. ‘మీరు కాబట్టి ఇలా ఉన్నారు గానీ, మీ అన్నయ్య అయితేనా...’ అని ఒక సప్లయర్ అంటాడు. ‘మేడమ్, మీ క్లాసు అర్థమవుతుంది, ఆ సార్ క్లాసే అర్థం కాదు’ అని ఒక విద్యార్థి అంటాడు. ఆ మాట తీయగా ఉంటుంది. చెప్పుడు మాటలన్నీ అలాగే ఉంటాయి, ముందు మనల్ని పొగిడి తర్వాత పక్కవారిని కోస్తాయి. ఆ క్షణంలో మీ నోటి నుంచి వచ్చే వాక్యమే మీ జోడీ ఆయుష్షును నిర్ణయిస్తుంది. నవ్వి ఊరుకోవడం కూడా జవాబే, చెడ్డ జవాబు. ‘ఆ సార్ ఏ చాప్టర్ చెప్పారు? ఏది అర్థం కాలేదు? అది ఆయన ఎందుకలా చెప్పారంటే...’ అని మొదలుపెట్టండి. నిజంగా ఆ సార్ చెప్పడంలో లోపముంటే అది ఆయనకే, తలుపు వేసుకుని, సూటిగా చెప్పండి. నలుగురి ముందు అండ, నాలుగు గోడల మధ్య నిజం. ఈ క్రమం తిరగబడితే జోడీ మిగలదు.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. అండగా నిలబడటమంటే పక్కవారి తప్పులన్నీ మోయడం కాదు. న్యూయార్క్‌లో అదే డబ్ల్యూఎఫ్‌ఏఎన్‌లో 2007లో బూమర్ ఇసైసన్, క్రెయిగ్ కార్టన్‌ల పొద్దుటి జోడీ మొదలైంది. ఒకరు ఒకప్పటి పేరుమోసిన ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్, ఇంకొకరు నోటి చలాకీతో పైకొచ్చిన రేడియో మనిషి. పదేళ్ళు ఎంతో బాగా నడిచింది. 2017 సెప్టెంబరులో కార్టన్ ఆర్థిక మోసం కేసులో అరెస్టయ్యాడు. జూదం వ్యసనం ఆయన్ను అక్కడిదాకా తెచ్చింది. నేరం రుజువై జైలుకు వెళ్ళాడు. బయటికొచ్చి 2020లో మళ్ళీ మైకు ముందుకు వచ్చాడు, తన వ్యసనం గురించి రేడియోలోనే బహిరంగంగా మాట్లాడాడు. ఇసైసన్ 2018 జనవరి నుంచి గ్రెగ్ జియనాటీతో కొత్త జోడీ కట్టి పని సాగించాడు. రోజూ గంటల తరబడి ఎదురెదురుగా కూర్చున్నా అవతలి మనిషి బతుకంతా మనకు కనిపించదు. కనిపించనిదానికి మిమ్మల్ని మీరు నిందించుకోనక్కర్లేదు. కనిపించింది మాత్రం కప్పిపెట్టకండి. డబ్బు విషయంలో మీకేదైనా తేడాగా అనిపిస్తే, అది స్నేహానికి అడ్డమని ఆగకుండా ఆ రోజే అడగండి.

విడిపోవాల్సి వస్తే

2008 ఆగస్టులో మైక్, మ్యాడ్ డాగ్ విడిపోయారు. రూసో స్టేషన్ వదిలి శాటిలైట్ రేడియోకు వెళ్ళాడు, అక్కడ ఆయన పేరు మీదే ఒక ఛానల్ పెట్టారు. ఫ్రాన్సెసా అదే మధ్యాహ్నపు కార్యక్రమాన్ని ఒంటరిగా కొనసాగించాడు. విడిపోయిన ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం రూసో శ్రోతలాగే ఆ కార్యక్రమానికి ఫోన్ చేశాడు. పాత జోడీతో మాట్లాడుతూ ఏడ్చేశాడు. ఎవరు ఎక్కువ అని ఏళ్ళ తరబడి తగవుపడ్డ ఇద్దరు మనుషులు, ఊరంతా వింటుండగా, ఒకరి వల్ల ఒకరు ఏమయ్యారో ఒప్పుకున్న సందర్భమది. 2016 మార్చిలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో వాళ్ళిద్దరూ మళ్ళీ ఒక్క రాత్రి కలిసి కూర్చుంటే హాలు నిండిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరుగా బాగానే బతికారు. దాన్ని కూడా నేను ఆ జోడీ ఘనతలోనే కలుపుతాను. ఒకరి పక్కన పదునెక్కిన మాట, ఆ మనిషి లేనప్పుడు కూడా పదునుగానే ఉంటుంది.

మీ జోడీ కూడా ఎప్పుడో ఒకప్పుడు విడిపోతుంది. బదిలీ వస్తుంది, వాటాలు పంచుకుంటారు, ఒకరికి ఇంకో ఊళ్ళో మంచి అవకాశం దొరుకుతుంది. వెళుతున్నది మీరైతే ఆ కబురు ముందు మీ జోడీ మనిషికే, మీ నోటితో చెప్పండి. ఇంకెవరి ద్వారానో తెలిస్తే ఆ గాయం మానదు. మీ దగ్గర ఉన్న ఫైళ్ళు, లెక్కలు, ఫోన్ నంబర్లు ఎలాగూ అప్పగిస్తారు. వాటితోపాటు ఇంకొకటి కూడా అప్పగించండి. మీ కుర్చీలోకి వచ్చే కొత్త మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ జోడీ మనిషి ఏ ప్రశ్న అడిగితే బాగా మాట్లాడతారో, ఎప్పుడు కాసేపు ఆగితే అసలు మాట బయటికొస్తుందో, ఏ విషయంలో వాళ్ళను గట్టిగా కాదనాలో వివరంగా చెప్పండి. మీకంటే ఆ సంగతి బాగా తెలిసినవారు ఆ ఆఫీసులో ఇంకొకరుండరు.